తొమ్మిది మంది, మూడు గదులు, ఒక పాయింట్ల ఖాతా

కాజీపేటకు అతిథులు కొత్త కాదు. బల్హార్షా వైపు నుంచి విజయవాడకు సాగే రైలుమార్గమూ, సికింద్రాబాద్ నుంచి వచ్చే మార్గమూ ఇక్కడే కలుస్తాయి. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఉన్న ఊరు కావడంతో సఫర్ మాసంలో ఉర్సు రోజులు వచ్చాయంటే దూరపు బంధువులకూ ఈ ఊరి చిరునామా గుర్తుకు వస్తుంది. అటువంటి రోజుల్లో ఇక్కడి ఇళ్ళలో మంచాలు గోడకు ఆనించి, హాలంతా చాపలు, దుప్పట్లు పరచి, మగవారికి ముందు గది, ఆడవారికి లోపలి గది అని సర్దుబాటు చేయడం తరతరాల అలవాటు. బంధువు వచ్చి స్టేషన్ ఎదుట లాడ్జీలో దిగాడంటే ఇంటి పెద్దకు అంతకు మించిన నామోషీ ఉండేది కాదు.

ఇప్పుడు కాజీపేట కుటుంబమే అతిథిగా బయలుదేరుతోంది. లోకో షెడ్‌లోనో, ట్రాఫిక్ విభాగంలోనో పనిచేసి రిటైరైన తండ్రి, దమ్మామ్‌లోనో రియాద్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు, హైదరాబాద్‌లో స్థిరపడిన మరో కొడుకు. అందరూ కలిసి ఉమ్రాకు వెళ్ళాలన్నది ఇంట్లో ఏళ్ళుగా నలుగుతున్న కోరిక. కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగే కొడుకు ఖాతాలో హోటల్ లాయల్టీ పాయింట్లు పోగుపడ్డాయి. "బస ఖర్చు పాయింట్లతో గట్టెక్కుతుంది కదా, అందరికీ గదులు దానితోనే తీసేద్దాం" అన్న మాట భోజనాల దగ్గర పుడుతుంది. ఒక్కడికి ఒక్క గది తీసుకోవడానికి ఏర్పడిన పథకంలో తొమ్మిది మందికి మూడు గదులు తీసుకోబోతే ఏమవుతుందో ఈ వ్యాసంలో కొంత వివరంగా చూద్దాం.

పాయింట్ల పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాము. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్ళ లెక్కన బహుమతి ఇచ్చే పద్ధతిని మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే బాట పట్టాయి. తరచూ వచ్చే వ్యాపారిని పక్క హోటల్‌కు పోనీయకుండా కట్టిపడేయడమే వీటి ఉద్దేశం. ఈ పథకం ఎవరి కోసం పుట్టిందో గుర్తుంచుకుంటే దాని షరతులు సులభంగా అర్థమవుతాయి. ఒంటరిగా వచ్చి, ఒక గదిలో దిగి, ఉదయమే సమావేశానికి వెళ్ళిపోయే మనిషి కోసం అది పుట్టింది. దాదా, దాదీ, కోడలు, మనవలు, వితంతువైన ఫుఫూ కలిసి వచ్చే ఇల్లు ఆ పథకం రాసినవారి మనసులో లేదు.

రైల్వే కుటుంబాలకు దీన్ని వేరే విధంగా చెప్పవచ్చు. రైల్వే ఉద్యోగి పాస్‌లో ఎవరి పేర్లు రాసి ఉంటాయో వారే ఆ పాస్‌పై ప్రయాణిస్తారు. తమ్ముడి భార్యను తీసుకువెళ్ళాలన్నా పాస్ ఒప్పుకోదు. పాస్ మీద ఛార్జీ ఉండదు, పి.టి.ఓ. మీద ఛార్జీలో మూడో వంతు కట్టాలి. హోటల్ పాయింట్లలోనూ ఇటువంటి రెండు రకాలు ఉన్నాయి. గది మొత్తాన్ని పాయింట్లతోనే తీసుకునేది పాస్ వంటిది. కొంత పాయింట్లు, కొంత రొక్కం కలిపి కట్టేది పి.టి.ఓ. వంటిది. పాస్ ఉద్యోగి పేరుకు కట్టుబడినట్టే పాయింట్లు సభ్యుని పేరుకు కట్టుబడి ఉంటాయి. పాయింట్లు తన సొంత ఆస్తి అని సభ్యుడు అనుకుంటాడు గానీ, షరతుల పత్రంలో మాత్రం వాటి విలువను మార్చే హక్కు సంస్థదేనని రాసి ఉంటుంది. మారియట్ 2022లో స్థిరమైన పాయింట్ల పట్టికను ఎత్తివేసింది. అప్పటి నుంచి గది ధర పెరిగే రోజుల్లో పాయింట్ల ధర కూడా పెరుగుతోంది.

ఇక లెక్కలోకి దిగుదాం. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. దాదా, దాదీ. వారి పెద్ద కొడుకు, కోడలు, వారి 14 ఏళ్ళ కూతురు, 8 ఏళ్ళ కొడుకు. దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్న, ఇంకా పెళ్ళికాని చిన్న కొడుకు. భర్తను కోల్పోయి పుట్టింట్లో ఉంటున్న కూతురు, అంటే పిల్లలకు ఫుఫూ. ఆమెకు 17 ఏళ్ళ కొడుకు. మొత్తం తొమ్మిది మంది. పాయింట్ల ఖాతా చిన్న కొడుకుది.

ట్రావెల్స్ వారు తొమ్మిదిని నాలుగుతో భాగించి, రెండు నాలుగు మంచాల గదులు, ఇంకొక మంచం అంటారు. ముస్లిం ఇంటికి ఆ భాగహారం సరిపోదు. కోడలికి మరిది గైర్ మహరమ్, ఆడబిడ్డ కొడుకు కూడా గైర్ మహరమే. 14 ఏళ్ళ అమ్మాయికి ఫుఫూ కొడుకు అంతే. కాబట్టి గదులు ఇలా ఏర్పడతాయి: దాదా, దాదీ, వారికి రాత్రివేళ సాయంగా ఫుఫూ ఒక గదిలో, పెద్ద కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు రెండో గదిలో, చిన్న కొడుకు, 17 ఏళ్ళ మేనల్లుడు మూడో గదిలో. అమ్మాయి తల్లిదండ్రుల గదిలో కాకుండా దాదీ దగ్గర పడుకున్నా ఇబ్బంది లేదు, ఆ గదిలో ఉన్నవారంతా ఆమెకు మహరములే. ఎటు తిప్పినా మూడు గదులకు తగ్గవు. అందులో ఒకటి నలుగురు పట్టేదీ, ఒకటి ముగ్గురు పట్టేదీ అయి ఉండాలి.

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. పాయింట్లతో తేలికగా దొరికేది సాధారణ గది, అంటే ఒక పెద్ద మంచమో రెండు చిన్న మంచాలో ఉన్నది. మక్కా, మదీనా హోటళ్ళలో మూడు మంచాల గదులు, నాలుగు మంచాల గదులు విరివిగా ఉంటాయి, ఎందుకంటే అక్కడికి వచ్చేవారు కుటుంబాలుగా, బృందాలుగా వస్తారు. అయితే ఆ గదులను చాలా హోటళ్ళు పాయింట్ల కోటాలో పెట్టవు, లేదా రెట్టింపు పాయింట్లు అడుగుతాయి. రెండు మంచాల గదిలో నలుగురి పేర్లు రాస్తే బుకింగ్ ముందుకు సాగదు. ఇద్దరి పేర్లు రాసి నలుగురం దిగుదాం అనుకునేవారు కొందరున్నారు. ఇది అబద్ధపు వాంగ్మూలం. అల్లాహ్ ఇంటికి వెళ్తూ హోటల్ కౌంటర్ దగ్గర అబద్ధంతో మొదలుపెట్టడం ఎంత విడ్డూరమో మేము వేరే చెప్పనవసరం లేదు. పైగా అక్కడ ప్రతి ఒక్కరి పాస్‌పోర్టూ చూస్తారు. రాత్రి రెండు గంటలకు జిద్దా నుంచి వచ్చి, ముసలివాళ్ళను లాబీలో కూర్చోబెట్టి, అదనపు గది కోసం ఆ పూట ధర ఎంతంటే అంత కట్టే పరిస్థితి దీనివల్లే వస్తుంది.

అందుకే పెద్ద కుటుంబాలు ముందుగా చూడవలసింది పాయింటు ఏ రకానిది అన్నది. మారియట్, హిల్టన్, హయత్ వంటి సంస్థల్లో పాయింట్లకు ఒక రాత్రి, ఒక గది దొరుకుతుంది. అకార్ సంస్థ పద్ధతి వేరు. అక్కడ 2,000 పాయింట్లు అంటే 40 యూరోల తగ్గింపు. పాయింట్లు బిల్లులోంచి తీసివేసే డబ్బులా పనిచేస్తాయి గనుక నాలుగు మంచాల గది ధరలోనూ అవి చెల్లే వీలుంటుంది. హరమ్‌కు ఎదురుగా ఉన్న అబ్రాజ్ అల్ బైత్ సముదాయంలో ఫెయిర్‌మాంట్, స్విస్‌హోటల్, పుల్‌మన్ జమ్‌జమ్, మూవెన్‌పిక్ వంటివి అకార్ కుటుంబానికి చెందినవే. జబల్ ఉమర్ వైపు హిల్టన్, కాన్‌రాడ్, హయత్ రీజెన్సీ, మారియట్ ఉన్నాయి. మన చిన్న కొడుకు పాయింట్లు ఎందులో ఉన్నాయన్నదే కుటుంబం ఎటువైపు దిగాలో నిర్ణయిస్తుంది. ఇద్దరికి రెండు మంచాల గది చాలు అనుకునే దంపతులకు మొదటి రకం లాభం. తొమ్మిది మంది ఇంటికి తరచుగా రెండో రకమే అనువు. అది కూడా కోరుకున్న తేదీకి, ఆ ధరకు పాయింట్లు చెల్లుతాయో లేదో చూసుకున్న తర్వాతే.

రెండో చిక్కు ఎన్ని పాయింట్లు ఉన్నాయన్నది. లెక్క కోసం మాత్రమే ఒక అంకె అనుకుందాం. హరమ్‌కు దగ్గరి హోటల్‌లో గదికి రాత్రికి 40,000 పాయింట్లు. మక్కాలో ఐదు రాత్రులు. మారియట్‌లో వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే కట్టాలి, అన్నింటిలో తక్కువ ధర ఉన్న రాత్రి ఉచితం. హిల్టన్‌లోనూ ఐదో రాత్రి ఉచితమే గానీ, సిల్వర్ స్థాయి ఆపైన ఉన్న సభ్యులకు మాత్రమే. అంటే మన ఉదాహరణలో గదికి 1,60,000 పాయింట్లు, మూడు గదులకు 4,80,000. చిన్న కొడుకు ఖాతాలో ఉన్నవి 2,00,000. ఇంట్లో అనుకున్న "అందరికీ" అన్న మాట ఇక్కడ ఒక్క గదికి కుదించుకుపోయింది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. నాలుగు రాత్రులు మక్కాలో, నాలుగు రాత్రులు మదీనాలో అని సమానంగా పంచుకునేవారు ఆ ఐదో రాత్రిని రెండు చోట్లా పోగొట్టుకుంటారు. ఐదు, మూడు అని మార్చుకుంటే ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. అయితే ఇబాదత్ కోసం వెళ్ళిన ప్రయాణాన్ని హోటల్ వారి బహుమతికి అనుగుణంగా మలచుకోవాలా అని దాదా అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మదీనాలో ఇంకొక రోజు గడపాలని ఆయన మనసు కోరుకుంటే ఆ రాత్రికి డబ్బు కట్టడమే మంచిది.

ఖాతాలను కలుపుకోవచ్చా? కొంతమేరకు. హిల్టన్‌లో ఖాతాదారుడితో కలిపి 11 మంది వరకు తమ పాయింట్లను ఒక చోట పోగుచేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. మారియట్‌లో ఒక సభ్యుడు ఏడాదికి 1,00,000 పాయింట్ల వరకు మరొకరికి పంపవచ్చు, ఒకరు 5,00,000 వరకు అందుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న పెద్ద కొడుకు ఖాతాలో పాతిక వేల పాయింట్లు మూల పడి ఉంటే అవి ఈ విధంగా పనికొస్తాయి. ఖాతా కొత్తగా తెరిచిన రోజే ఈ సదుపాయం దొరకకపోవచ్చు, కాబట్టి ప్రయాణానికి కొన్ని నెలల ముందే ఇంట్లోని పెద్దలందరి పేరా ఖాతాలు తెరిచి ఉంచడం ఉచితం. మూల పడి ఉన్న పాయింట్లకు ఆయుష్షు కూడా ఉంటుంది. మారియట్‌లో 24 నెలలు ఎటువంటి కదలికా లేకపోతే రద్దవుతాయి, అకార్‌లో 365 రోజులకే. ఉమ్రా రెండేళ్ళు వాయిదా పడి, ఆ పాయింట్లు మాయమైన ఇళ్ళు ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం. పాయింట్లు ఒక్క గదికే సరిపోతే ఆ గది ఎవరిది? పథకం దృష్టిలో జవాబు తేలిక: ఖాతాదారుడు దిగే గదిది. కుటుంబం దృష్టిలో జవాబు వేరు. దాదీ మోకాళ్ళకు, దాదా ఊపిరికి హరమ్‌కు దగ్గరి గది కావాలి. చిన్న కొడుకు, మేనల్లుడు అరగంట నడవగలరు. చాలామంది కొడుకులు సహజంగానే "ఆ గది అమ్మీ అబ్బాకు" అంటారు. మంచి ఆలోచన. కానీ ఖాతాదారుడు ఆ గదిలో దిగకుండా తన పాయింట్లతో మరొకరికి గది ఇవ్వాలంటే చాలా సంస్థల్లో ముందుగా ఫోను చేసి, అతిథి పేరు మార్పించాలి. అలా చేయకుండా తన పేరుతోనే తీసి, "మావాళ్ళు వస్తారు, తాళం ఇవ్వండి" అంటే రిసెప్షన్‌లో ఒప్పుకోరు. బుకింగ్ చేసిననాడే దాదా పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే చేర్చాలి. మన పెద్దల పాస్‌పోర్టుల్లో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా, ఇంట్లో పిలిచేది ఇంకోలా ఉండడం మామూలే.

తల్లిదండ్రులను దగ్గరి హోటల్‌లో, మిగిలినవారిని మిస్‌ఫలా వైపో అజీజియాలోనో చవకైన చోట దింపితే ఖర్చు కలిసివస్తుంది. మా అభిప్రాయం మాత్రం వేరు. రాత్రి మూడు గంటలకు దాదీకి ఆయాసం వస్తే ఫుఫూ ఒక్కతే ఆ పరాయి హోటల్‌లో ఏమి చేయగలదు? అరబ్బీ రాదు, టాక్సీ పిలవడం తెలియదు, కొడుకులు మూడు కిలోమీటర్ల అవతల నిద్రలో ఉంటారు. దగ్గరి గదికి ఉన్న విలువలో సగం, ఆ గదికి నాలుగు అడుగుల దూరంలో కొడుకు ఉండడంలోనే ఉంది. హరమ్ కనిపించే కిటికీని వదులుకుని, రెండో వరుసలో ఉన్న హోటల్‌లో మూడు గదులూ ఒకే అంతస్తులో తీసుకున్న కుటుంబమే ఎక్కువ నెమ్మదిగా ఉమ్రా చేసుకుంటుంది.

పాయింట్ల విలువ ఎంతో కూడా నిజాయితీగా లెక్కించుకోవాలి. మన ఉదాహరణలో ఆ దగ్గరి గది డబ్బుతో అయితే రాత్రికి 800 రియాళ్ళు అనుకుందాం. ఐదు రాత్రులకు 4,000. 1,60,000 పాయింట్లతో 4,000 రియాళ్ళు మిగిలాయని కొడుకు సంతోషిస్తాడు. కానీ పాయింట్లు లేకపోతే ఈ కుటుంబం 800 రియాళ్ళ గదిలో దిగేదా? రాత్రికి 250 రియాళ్ళ గదిలో దిగేది. అప్పుడు నిజంగా మిగిలింది 1,250 రియాళ్ళే, మిగతాది సౌకర్యం. సౌకర్యం తప్పు కాదు, వృద్ధులకైతే అవసరం కూడా. కాని ఆ 4,000 మిగిలాయన్న లెక్కతో బజారులో ఖర్జూరాలు, జానమాజులు, బంగారం వైపు చేయి జారితే ఇంటికి వచ్చేసరికి మిగిలేది బిల్లే. సౌదీలో 2020 జూలై నుంచి 15 శాతం వ్యాట్ ఉంది. డబ్బు కట్టి తీసుకునే మిగతా రెండు గదుల ధర చూసేటప్పుడు పన్ను కలిపిన ధరనే చూడాలి.

ఆ రెండు గదుల విషయంలో చిన్న లాభం ఒకటి ఉంది. మారియట్‌లోనూ, హయత్‌లోనూ ఖాతాదారుడు తాను ఒక గదిలో దిగి, డబ్బు తానే కడితే మూడు గదుల వరకు పాయింట్లు జమ అవుతాయి. అంటే మూడు గదులనూ అన్నదమ్ములు వేర్వేరుగా కాకుండా ఒకరి ఖాతా మీద తీయడంలో అర్థముంది. కాని ఉచిత అల్పాహారం వంటి హోదా సౌకర్యాలు సాధారణంగా ఖాతాదారుడి గదికే పరిమితం. తొమ్మిది మందీ ఉదయం దర్జాగా టిఫిను గదిలోకి వెళ్ళి, ఏడుగురికి బిల్లు రావడం చూసి నివ్వెరపోనవసరం లేదు. ముందే అడిగి తెలుసుకోవచ్చు.

బుకింగ్ చేసే విధానం గురించి నాలుగు మాటలు. మూడు గదులకు కలిపి వెతికితే ఖాళీ లేదని చూపించే చోటే ఒక్కో గదికి వెతికితే రెండు దొరకవచ్చు, ఎందుకంటే పాయింట్ల కోటాలో ఆ రోజుకు ఉన్నవి రెండే కావచ్చు. విడివిడిగా తీసుకుంటే మరో మేలు కూడా ఉంది: ఎవరిదైనా వీసా ఆలస్యమై ఒక గది మానుకోవలసి వస్తే మిగతా రెండూ కదలవు. కీడు ఏమిటంటే హోటల్ కంప్యూటర్‌కు ఈ మూడూ ఒక కుటుంబానివని తెలియదు. ఒకటి 9వ అంతస్తులో, ఒకటి 21వ అంతస్తులో పడతాయి. నమాజు వేళ అక్కడి లిఫ్టుల ముందు ఉండే రద్దీ తెలిసినవారికి ఆ పన్నెండు అంతస్తుల దూరం ఎంతో తెలుసు. కాబట్టి మూడు బుకింగ్ నంబర్లూ రాసి, ఇవి కలిపి ఉంచమని హోటల్‌కే నేరుగా సందేశం పంపాలి, వారం ముందు మళ్ళీ ఫోను చేయాలి.

ఈ సందర్భంలో ఒక పదం తేడా తెలిసి ఉండాలి. పక్కపక్క గదులు వేరు, మధ్యలో తలుపు ఉన్న కనెక్టింగ్ గదులు వేరు. పరదా పాటించే ఇంటికి రెండోది వరం. కోడలు దుపట్టా సర్దుకుని వరండాలోకి రానవసరం లేకుండా అత్తగారి గదిలోకి వెళ్ళగలదు, పిల్లలు అటూ ఇటూ తిరగగలరు. దాదా దాదీల గది, పెద్ద కొడుకు గది ఇలా కలిస్తే చాలు. చిన్న కొడుకు గది అదే అంతస్తులో ఎక్కడ ఉన్నా ఫరవాలేదు. పాయింట్ల గదికీ డబ్బు గదికీ మధ్య తలుపు ఉండకూడదన్న నియమం ఏదీ లేదు. అడగనివారికి మాత్రం దొరకదు.

క్యాన్సిల్ చేసుకునే గడువును చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. పాయింట్లతో తీసిన గదిని గడువులోపు మానుకుంటే సాధారణంగా పాయింట్లు తిరిగి ఖాతాలోకి వస్తాయి. చవకగా కనిపించే ముందస్తు చెల్లింపు గదులకు ఈ వెసులుబాటు ఉండదు. ఉమ్రా ప్రయాణంలో వీసా, విమానం, ఇంట్లో ఎవరి ఆరోగ్యం ఏదైనా తేదీని మార్చవచ్చు. గడువు దాటి, చెప్పకుండా రాకపోతే పాయింట్లు పోతాయి. రమజాన్‌లో, ముఖ్యంగా చివరి పది రోజులకు, మక్కాలోని చాలా హోటళ్ళు ఆ రోజులన్నీ కలిపి ఒకే మొత్తంగా అమ్ముతాయి. అప్పుడు మూడు గదులు పాయింట్లతో దొరుకుతాయని ఆశపడి విమానం టిక్కెట్లు ముందే కొనవద్దు. మరొక జాగ్రత్త: ఉమ్రా వీసా పని చేసే ఏజెంటును, మేము స్వయంగా తీసుకున్న హోటల్ వీసా కాగితాలకు చెల్లుతుందా అని పాయింట్లు ఖర్చు చేయకముందే అడగాలి. బసను కూడా వీసాతో ముడిపెట్టే నిబంధనలు వచ్చాయి. ఏజెంటు తన హోటల్ తప్పనిసరి అంటే రెండు చోట్లా కట్టవలసి వస్తుంది.

పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయి అన్న ప్రశ్నను ఈ పత్రిక పాఠకులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. డబ్బు కట్టి హోటల్‌లో దిగితే, హోటల్ వారు తర్వాతి బసకు ఇచ్చే తగ్గింపు ఒక రకమైన కానుక. అందులో అప్పు లేదు, వడ్డీ లేదు. కంపెనీ డబ్బుతో దిగినప్పుడు వచ్చిన పాయింట్లు మరో రకం. వాటిని ఉద్యోగి సొంతానికి వాడుకోవడానికి కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది కంపెనీ నియమాల్లో ఉంటుంది. చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. కాని అడగకుండా అనుకోవడం అమానత్ విషయంలో సరికాదు. ఒక్క ఈమెయిలుతో తేలిపోయే సంగతి ఇది.

క్రెడిట్ కార్డు పాయింట్ల సంగతి అంత సులువు కాదు. మన దేశంలో కొన్ని బ్యాంకుల కార్డు పాయింట్లను హోటల్ పాయింట్లుగా మార్చుకోవచ్చు. ఒకసారి మార్చాక అవి వెనక్కి రావు. ఆ ప్రకటనలు చూసి, మూడో గదికి తక్కువైన పాయింట్ల కోసం కొత్త కార్డు తీసుకుందామన్న ఆలోచన యువకులకు వస్తుంది. జిద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2000లో రియాద్‌లో జరిగిన తన 12వ సమావేశంలో, ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్న కార్డును గడువులోపు కట్టే ఉద్దేశంతో తీసుకున్నా ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. గడువులోపు మొత్తం చెల్లించేవారికి అవసరం మేరకు అనుమతి ఉందని చెప్పే ఉలమా కూడా ఉన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని ఇక్కడ మేము తీర్చబోము. తాము విశ్వసించే ఆలిమ్‌ను అడిగి, చెప్పినదాన్ని పాటించడం ఇంటి పెద్ద బాధ్యత. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకునేదే: గడువు తప్పి వడ్డీ పడిన కార్డు మీద వచ్చిన గది ఉచితం కాదు. చాలా కార్డులపై నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 36 శాతానికి మించి. ఇది లెక్కలపరంగానూ నష్టమే, దీన్ పరంగా చెప్పనక్కరలేదు.

అన్నదమ్ముల మధ్య మాట రాకుండా చూసుకోవడం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. చిన్న కొడుకు 1,60,000 పాయింట్లు ఇచ్చాడు. పెద్ద కొడుకు రెండు గదుల డబ్బు కట్టాడు. ఫుఫూ తన కొడుకు విమానం టిక్కెట్టు తానే కొనుక్కుంది. తిరిగి వచ్చిన ఆరు నెలలకు ఎవరు ఎంత పెట్టారన్న జ్ఞాపకం ఎవరికి వారికి వేరుగా ఉంటుంది. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు అప్పు వ్యవహారాలను రాసి పెట్టుకోవడం గురించే అన్నది మన పాఠకులకు తెలిసిందే. పాయింట్లు అప్పుగా ఇచ్చాడా, కానుకగా ఇచ్చాడా అన్నది బయలుదేరే ముందే నోటితో చెప్పి, ఒక నోటు పుస్తకంలో రాయాలి. కానుక అయితే పెద్ద కొడుకు మనసులో బరువు ఉండదు. అప్పు అయితే దాన్ని పాయింట్లలో కాక రూపాయల్లో ఎంతని నిర్ణయించాలి, ఎందుకంటే వచ్చే ఏడాది ఆ పాయింటు విలువ ఎంత ఉంటుందో సంస్థకే తెలియాలి. ఫుఫూ వంటివారి వాటాను మాత్రం ఆ పుస్తకంలో రాయకుండా అన్నదమ్ములిద్దరూ పంచుకుంటే అందం. ఆమెను దాదీ గదిలో ఉంచడం ఆమె సౌకర్యం కోసం కాదు, మన అవసరం కోసం అన్నది మరువకూడదు.

మదీనా గదుల విషయంలో ఇంత ఆయాసం లేదు. మస్జిదె నబవీ చుట్టూ హోటళ్ళు దగ్గరదగ్గరగా, నేల చదునుగా ఉంటుంది, వృద్ధులకు నడక తేలిక. పాయింట్లు మక్కాలో ఖర్చుచేసి మదీనాకు డబ్బు కట్టడం చాలా కుటుంబాలకు లాభసాటి. రెండు నగరాల మధ్య 2018లో మొదలైన హరమైన్ రైలు దాదాపు 450 కిలోమీటర్లు, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లోకో షెడ్‌లో జీవితం గడిపిన దాదాను దానిలో కిటికీ పక్కన కూర్చోబెట్టడానికి ఏ పాయింట్లూ అక్కరలేదు, టిక్కెట్టు కొంటే చాలు.

హజ్ కమిటీ ద్వారా హజ్‌కు వెళ్ళేవారికి ఈ వ్యాసంలోని లెక్కలు వర్తించవు. అక్కడ బస కమిటీయే కేటాయిస్తుంది. అయితే వరంగల్ ప్రాంతం నిజాం సంస్థానంలో భాగం కావడం వల్ల మనకు మరో దారి ఉంది. నిజాముల కాలంలో మక్కాలో హైదరాబాద్ సంస్థానపు హాజీల కోసం వక్ఫ్ చేసిన రుబాత్‌లో, ఆ పాత సంస్థానపు జిల్లాల నుంచి వెళ్ళే హాజీలకు లాటరీ పద్ధతిలో ఉచిత బస లభిస్తుంది. అక్కడ సభ్యత్వ సంఖ్య అడగరు, హోదా అడగరు. హజ్‌కు ఎంపికైన కాజీపేట, హనుమకొండ కుటుంబాలు ఆ ప్రకటన వెలువడే రోజుల్లో నాంపల్లి హజ్ హౌస్‌లో విచారించి, దరఖాస్తు గడువు తప్పకుండా చూసుకోవాలి.